ఖాళీ లిఫ్టు ఎవరికి ఫోన్ చేస్తుంది?

యూరప్‌లోని ఆఫీసు భవనాల్లో కొత్త లిఫ్టులు మూడు రోజులకోసారైనా వాటంతటవే ఒక ఫోన్ చేస్తాయి. లోపల మనిషి ఉండడు. బటన్ ఎవరూ నొక్కరు. ఎక్కడో దూరాన కంట్రోల్ రూములో ఒక కంప్యూటరు ఆ ఫోన్ ఎత్తుతుంది, ఫలానా లిఫ్టు పిలిచిందని రాసుకుంటుంది, పెట్టేస్తుంది. మాటామంతీ ఏమీ ఉండదు. ఈఎన్ 81-28 అనే ప్రమాణం ఈ పనికి పెట్టిన గడువు 72 గంటలు. గడువు దాటినా ఫోన్ రాలేదంటే ఆ లిఫ్టుకు నోరు పడిపోయిందని అర్థం. వెంటనే మెకానిక్కును పంపాలి.

మోగేదాన్ని అలారం అనడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం మోగకపోవడమే అలారం. ఇంత తిరకాసు ఏర్పాటు ఎందుకంటే, లిఫ్టులో మిగతా భాగాలకు లేని బెడద దీనికి ఉంది. తలుపు మూసుకోకపోయినా, ఐదో అంతస్తు బటన్ పనిచేయకపోయినా పది నిమిషాల్లో ఎవరో ఒకరు కిందికొచ్చి గొడవ పెడతారు. గంట బొమ్మ ఉన్న పసుపు బటన్‌ను మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ ముట్టరు. ఈలోగా తీగ తెగవచ్చు, బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. ఎవరూ వాడని నంబరుకు నెలనెలా బిల్లు దేనికని అకౌంట్స్ విభాగం కనెక్షనే తీయించేయవచ్చు. బటన్ మాత్రం నిగనిగలాడుతూ అక్కడే ఉంటుంది.

పరికరాలన్నీ ఉండి కూడా పని జరగకపోవడం ఎలా ఉంటుందో 1999 అక్టోబరులో న్యూయార్క్ చూసింది. మాన్‌హటన్‌లోని ఒక ఆకాశహర్మ్యంలో పత్రికాఫీసు ఉద్యోగి ఒకాయన శుక్రవారం రాత్రి పదకొండింటి వేళ సిగరెట్టు కాల్చుకోవడానికి కిందికి దిగి, తిరిగి పైకి వస్తున్నాడు. అది కింది అంతస్తుల్లో ఆగని ఎక్స్‌ప్రెస్ లిఫ్టు. మధ్యలో ఆగిపోయింది. తలుపు రెక్కలు బలవంతాన విడదీస్తే ఎదురుగా గోడ, దాని మీద 13 అనే అంకె. గంట మోగించాడు. ఇంటర్‌కామ్‌లో పిలిచాడు. లిఫ్టులోని కెమెరా ఆయన లేవడం, కూర్చోవడం, పడుకోవడం అన్నీ రికార్డు చేస్తూనే ఉంది. ఆదివారం సాయంత్రం బయటపడేసరికి 41 గంటలు గడిచిపోయాయి. గంట ఉంది, ఇంటర్‌కామ్ ఉంది, కెమెరా ఉంది. తనిఖీ కాగితం మీదైతే మూడింటికీ టిక్కు పడుతుంది. అవతలి కొసన మాత్రం వింటున్నవాడూ చూస్తున్నవాడూ లేడు.

లిఫ్టులో అత్యవసర సంభాషణ గురించి రాసుకున్న నిబంధనలన్నీ, కాస్త తరచి చూస్తే, ఆ అవతలి కొస చుట్టూనే తిరుగుతాయి.

అసలు మాట్లాడటానికి అంత ప్రాముఖ్యం ఎందుకు? ఇరుక్కున్నవాళ్లకు ముందుగా పట్టుకునే భయాలు రెండు. తాడు తెగి పడిపోతామేమో, ఊపిరాడక పోతామేమో అని. రెండింటికీ ఆధారం తక్కువే. లిఫ్టు పెట్టె ఒకే తాడు మీద వేలాడదు. తాళ్లన్నీ తెగినా, వేగం హద్దు మీరగానే పక్కనున్న గైడు పట్టాలను కరిచి పట్టుకునే సేఫ్టీ గేర్ ఉంటుంది. 1854లో ఎలీషా ఓటిస్ న్యూయార్క్ ప్రదర్శనలో తను నిలబడ్డ వేదిక తాడు కోయించుకుని మరీ జనానికి చూపించిన ఏర్పాటుకు అది వారసురాలు. ఇక గాలి సంగతి. పెట్టె నేల వైశాల్యంలో కనీసం ఒక శాతం మేర గాలి సందులు పైభాగంలో ఉండాలని యూరప్ ప్రమాణం. పెట్టె ఇనపదే అయినా సీలు వేసిన డబ్బా కాదు.

ఇంకో సంగతి. చాలాసార్లు లిఫ్టు ఆగేది అనుమానం వచ్చి. ప్రతి అంతస్తు తలుపు తాళం దగ్గరా ఒక విద్యుత్ కాంటాక్టు ఉంటుంది. ఇవన్నీ ఒకే వరసలో, ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి ఉంటాయి. మెకానిక్కులు దీన్ని సేఫ్టీ చెయిన్ అంటారు. వీటిలో ఏ ఒక్కటి విడిపోయినా మోటారుకు కరెంటు ఆగి బ్రేకు పడుతుంది. పదో అంతస్తులో ఎవరో సామాను ట్రాలీతో తలుపును గుద్ది అది రవ్వంత కదిలితే చాలు, మూడో అంతస్తు దాటుతున్న పెట్టె అక్కడికక్కడే నిలిచిపోవచ్చు. లోపలివాళ్లకు అది పాడవడంలా కనిపిస్తుంది. యంత్రం తన పని తాను సరిగ్గానే చేసింది.

ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు చూస్తారు. ఎవరూ పలకరు. ధైర్యవంతుడొకడు తలుపు రెక్కల మధ్య వేళ్లు పెట్టి లాగుతాడు. పెట్టె రెండంతస్తుల మధ్య ఉంటుంది. దాని నేలకూ కింద కనిపించే వరండా నేలకూ మధ్య మీటరున్నర ఎత్తు. దూకుదామని కాళ్లు కిందికి జార్చి వేలాడతాడు. అతని వెనక, పెట్టె అడుగున, ఖాళీ షాఫ్టు నోరు తెరుచుకుని ఉంటుంది. కాలు నేలను తాకేటప్పుడు ఒళ్లు వెనక్కి తూలిందా, నేరుగా అందులోకే. ఈ ఖాళీని కొంతైనా మూయడానికే పెట్టె గడప కింద 75 సెంటీమీటర్ల ఇనపరేకు వేలాడదీస్తారు. ఏప్రన్ అంటారు దాన్ని. మీటరున్నర ఎత్తుకు అది చాలదు. పైగా మనిషి సగం బయటికి వచ్చిన క్షణాన లిఫ్టు కదలదన్న భరోసా లేదు. “కూర్చోండి, తలుపు ముట్టుకోకండి, మా మనిషి బయల్దేరాడు” అని ఒక గొంతు చెప్పిందనుకోండి, ఆ ధైర్యవంతుడు ఆగుతాడు. అందుకే ఇంజినీరింగ్ లెక్కలో ఆ మాట మర్యాద కింద రాదు, మనుషులు పడిపోకుండా ఆపే పరికరాల జాబితాలోకి వస్తుంది.

యూరప్‌లో చట్టం ఈ సంగతిని ఒక్క వాక్యంలో తేల్చింది. 1995 నాటి లిఫ్టుల ఆదేశమూ, దాని స్థానంలో వచ్చిన 2014 ఆదేశమూ చెప్పేదొకటే: పెట్టెలో ఇరువైపులా మాట్లాడుకునే సాధనం ఉండాలి, అది రక్షణ సేవతో ఎప్పుడూ సంబంధంలో ఉండాలి. 1999 జూలై నుంచి అక్కడ కొత్త లిఫ్టులకు ఇది తప్పనిసరి. అంతకుముందు పెట్టిన లిఫ్టుల మాటేమిటి? బ్రిటన్‌లో పనిచేసే చోట్ల లిఫ్టులకు 1998 నాటి లోలర్ నిబంధనలు వర్తిస్తాయి. మనుషుల్ని మోసే లిఫ్టును ఆరు నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలి. లోపల చిక్కుకున్న వ్యక్తికి అపాయం లేకుండా చూడాలి, బయటికి తీసే వీలుండాలి. ఫోన్ పెట్టు, గంట పెట్టు అని అక్కడ విడమరిచి ఉండదు. ఆ ఆలోచన యజమానికే వదిలేశారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. రాత్రింబవళ్లు మనుషులు తిరిగే ఆసుపత్రిలో పాతకాలపు గంట కూడా పనిచేస్తుంది. సాయంత్రం ఆరింటికి ఖాళీ అయిపోయి, తొమ్మిదింటికి ఊడ్చే మనిషి ఒక్కరే మిగిలే ఆఫీసులో ఎంత పెద్ద గంట మోగినా గోడలకే వినబడుతుంది.

ఇప్పుడు ఆ పసుపు బటన్ దగ్గరికే వెళ్దాం. లీడ్స్‌లో ఏదో ఒక ఆఫీసు అనుకోండి. కరెంటు పోయి పెట్టె ఆగింది. బ్యాటరీ దీపం వెలుగుతుంది. కనీసం ఐదు లక్సుల వెలుతురు, గంటసేపు. పుస్తకం చదువుకోవడానికి చాలదు గానీ బటన్ ఎక్కడుందో కనబడుతుంది. నొక్కి కొన్ని సెకన్లు పట్టుకోవాలి. పిల్లలు ఆటగా తడితే ఫోన్ పోకుండా ఈ జాగ్రత్త. యంత్రం అప్పుడు కూడా ఒకటి సరిచూసుకుంటుంది. పెట్టె అంతస్తు దగ్గరే ఉండి తలుపు బార్లా తెరిచి ఉంటే పిలుపును పక్కన పెట్టేయవచ్చు. లేకపోతే పసుపు గంట బొమ్మ వెలుగుతుంది, అంటే నీ పిలుపు వెళ్లింది అని. అవతల ఎత్తగానే ఆకుపచ్చ బొమ్మ వెలుగుతుంది. చెవిటివాళ్లకు ఆ రెండు వెలుగులే సమాధానం. చేత్తో పట్టుకునే రిసీవరు ఉండదు. చెయ్యి విరిగినవాడూ, కింద పడి ఉన్నవాడూ మాట్లాడగలగాలి కదా. ఇనపపెట్టెలో స్పీకరు శబ్దం గోడలకు తగిలి తిరిగి మైకులోకే దూరుతుంది కాబట్టి చాలా సెట్లు ఒకసారి ఒకవైపు గొంతునే వదులుతాయి. అవతలి మనిషి ఒక వాక్యం చెప్పి ఆగడం అందుకే. చివరగా, ఘటన ముగిసిందన్న సంకేతం లిఫ్టు దగ్గరి నుంచే వెళ్లాలి, దాన్ని పంపే మీట ప్రయాణికులకు అందకూడదు. లోపలివాళ్లు నిజంగా బయటపడ్డారని ఒకరు కళ్లారా చూశాకే ఆ ఫైలు మూయాలని దీని ఆంతర్యం.

ఈ ఏర్పాటంతా ఇన్నాళ్లూ ఒక పాత స్నేహితుడి మీద ఆధారపడి నడిచింది: రాగితీగ టెలిఫోన్. మన ఇళ్లలో ల్యాండ్‌లైన్ ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకు తెలుసు, వీధంతా కరెంటు పోయినా ఫోన్ మాత్రం మోగేది. ఆ తీగలో మాటతో పాటు కరెంటూ వచ్చేది. ఎక్స్ఛేంజీలో పెద్ద పెద్ద బ్యాటరీలు వరసగా ఉండేవి, సుమారు 50 వోల్టుల డీసీ అక్కడి నుంచి మన గోడ దాకా నడిచి వచ్చేది. భవనంలో కరెంటు లేకపోయినా లిఫ్టు ఫోనుకు ప్రాణం ఊరవతల ఉండేది. లిఫ్టు ఆగడానికి పెద్ద కారణాల్లో ఒకటి కరెంటు పోవడమే. అదే సమయంలో ఫోన్ పనిచేయడమన్నది ఎంత గొప్ప సౌకర్యమో, అది పోతుంటే గానీ ఎవరికీ తట్టలేదు.

బ్రిటన్ ఈ రాగి వ్యవస్థను ఆపేస్తోంది. మొదట 2025 డిసెంబరు అన్నారు, తర్వాత 2027 జనవరి 31కి జరిపారు. జరపడానికి ముఖ్య కారణం ఇళ్లలో ఒంటరిగా ఉండే వృద్ధులు మెడలో వేసుకునే టెలికేర్ అలారంలు. అదే రాగితీగను నమ్ముకున్నవాటిలో లిఫ్టు ఫోన్లూ ఉన్నాయి. ఫైబర్ గాజుతీగలో కాంతి వస్తుంది, కరెంటు రాదు. భవనంలోని రూటరుకు కరెంటు భవనమే ఇవ్వాలి. కరెంటు పోయిందంటే లిఫ్టూ రూటరూ ఒకేసారి చనిపోతాయి. కనీసం గంటసేపు అలారం వ్యవస్థను బతికించే బ్యాటరీ ఉండాలని ఈఎన్ 81-28 చెబుతుంది. కానీ లిఫ్టు ప్యానెల్ వెనక బ్యాటరీ పెట్టి, నేలమాళిగలోని రూటరును గాలికి వదిలేస్తే గొలుసు మధ్యలోనే తెగిపోతుంది. లిఫ్టు కంపెనీ దృష్టిలో రూటరు ఐటీ వాళ్ల సొత్తు. ఐటీ వాళ్ల దృష్టిలో లిఫ్టు మెయింటెనెన్స్ వాళ్ల సొత్తు.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు ఒకటుంది. పాత లిఫ్టు ఫోన్లు తాము ఎవరో చెప్పుకోవడానికి స్వరాలు వాడతాయి. బటన్ ఫోనులో అంకె నొక్కితే వచ్చే ‘టీఁ’ శబ్దం గుర్తుంది కదా. ఒక్కో అంకెకు రెండు ధ్వనులు కలిసి మోగుతాయి. 5 అంటే 770 హెర్ట్జ్, 1336 హెర్ట్జ్ కలిపి. అవతల ఫోన్ ఎత్తగానే లిఫ్టు తన గుర్తింపు సంఖ్యను ఈ స్వరాల్లో వినిపిస్తుంది, కంట్రోల్ రూము తెర మీద భవనం చిరునామా వస్తుంది. ఇంటర్నెట్ ఫోనులో ధ్వని ముక్కలు ముక్కలుగా వెళుతుంది, చాలావరకు ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్లు. మనిషి మాటలో ఒక ముక్క రాలిపోతే చెవి సర్దుకుంటుంది. పదో వంతు సెకను కూడా నిలవని స్వరంలో ఒక ముక్క పోతే ఒక 5 కాస్తా రెండు 5లుగా వినబడవచ్చు, లేదా అసలు వినబడకపోవచ్చు. పైగా డేటా పొదుపు కోసం ధ్వనిని కుదించే పద్ధతులు కొన్ని మనిషి గొంతుకు తగ్గట్టు తయారైనవి. శుద్ధ స్వరాన్ని అవి వంకరగా అప్పజెబుతాయి. ఫలితం చూడండి. ఫోన్ కలుస్తుంది, అవతల మనిషీ ఉంటాడు, గొంతూ బాగానే వినబడుతుంది. ఏ లిఫ్టో మాత్రం తెలియదు. లోపలున్నది ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడైతే ఆ భవనం పేరు కూడా సరిగ్గా చెప్పలేడు.

సిమ్ కార్డు పెట్టేస్తే పోలేదా అంటారు. పెడుతున్నారు, చాలాచోట్ల అదే దారి. అయితే ఇనుప పెట్టె, దాని చుట్టూ ఇనపకడ్డీల కాంక్రీటు షాఫ్టు రేడియో తరంగాలను నీరసపరుస్తాయి. అందుకే సిమ్ ఉన్న పెట్టెను పైన మెషీన్ రూములో, సిగ్నల్ దొరికే చోట అమర్చి, లిఫ్టు అడుగున వేలాడుతూ పైకీ కిందికీ నడిచే బల్లపరుపు ట్రావెలింగ్ కేబుల్‌లోని రెండు తీగల ద్వారా గొంతును అక్కడికి తీసుకెళతారు. ఇందులోనూ కాలదోషం ఉంది. 3జీ నమ్ముకుని పెట్టిన లిఫ్టు ఫోన్లు అమెరికాలో 2022లో, ఆస్ట్రేలియాలో 2024లో ఆ నెట్‌వర్కులు మూతపడేలోగా మార్చుకోవాల్సి వచ్చింది. లిఫ్టు బతికినంత కాలం ఒక మొబైల్ తరం బతుకుతుందన్న భరోసా లేదు.

జేబులో మొబైల్ ఉండగా ఈ హంగామా ఎందుకని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆ సిగ్నల్ మన మొబైల్‌కూ అందకపోవచ్చు. అందినా ఎవరికి చేయాలో తెలియదు. ఇక డేటా భద్రత పేరుతో ఫోన్లను లాకర్లో పెట్టించుకుని ఉద్యోగుల్ని లోపలికి పంపే ఫ్లోర్లున్న కంపెనీల్లో జేబే ఖాళీ.

అమెరికా ఈ కథను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. అక్కడి ఏఎస్ఎంఈ ఏ17.1 కోడు ప్రకారం ఫోన్ లైను బతికి ఉందో లేదో రోజూ యంత్రమే చూసుకోవాలి. చచ్చిపోతే ఒక అంతస్తులో దీపం, శబ్దం వచ్చి తెలియజేయాలి. భవనంలోని మనిషి 45 సెకన్లలోగా ఎత్తకపోతే పిలుపు ఇంకో చోటికి దానంతటదే మళ్లాలి. కరెంటు పోయినా నాలుగు గంటలు మాట్లాడగలగాలి. 2019 కూర్పులో వచ్చిన మార్పు మరింత పెద్దది. వినలేనివాళ్లకూ మాట్లాడలేనివాళ్లకూ తెర మీద అక్షరాల్లో ప్రశ్న రావాలి, “లోపల చిక్కుకున్నారా?” అని. వాళ్లు బటన్ నొక్కి అవును, కాదు చెప్పే వీలుండాలి. ఎవరూ జవాబివ్వకపోతే లోపలి నేలంతా కనబడే కెమెరా ద్వారా అవతలివాళ్లు చూడగలగాలి, స్పృహ తప్పి పడిపోయిన మనిషి మాట్లాడలేడు గనుక. గోప్యత పోతుందన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఆ చూపు పిలుపు వచ్చినప్పటికే పరిమితం చేస్తే చాలావరకు తీరుతుందని నా అభిప్రాయం.

మన దగ్గరికి వస్తే, భారత ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ఐఎస్ 17900కు మూలం ఐఎస్ఓ 8100, దానికి మూలం యూరప్‌దే అయిన ఈఎన్ 81-20. కాబట్టి కాగితం మీద మనం అంత దూరంలో లేము. ఆచరణలో మన ఆఫీసుల లిఫ్టుల్లో ఎక్కువగా కనిపించేది వాచ్‌మన్ బల్ల మీదికో సెక్యూరిటీ గదిలోకో వెళ్లే ఇంటర్‌కామ్, గోడకు అతికించిన ఒక మెకానిక్ మొబైల్ నంబరు. మనవాళ్ల ధీమా అంతా ఏఆర్‌డీ మీద. కరెంటు పోగానే బ్యాటరీతో పెట్టెను దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే పరికరం అది. మన కరెంటు కోతలకు దానికి దండం పెట్టాల్సిందే. కానీ డోర్ కాంటాక్టు విడిపోయి ఆగిన లిఫ్టును ఏఆర్‌డీ కదపదు, కదపకూడదు కూడా. సేఫ్టీ చెయిన్ తెగి ఉంది కదా. అప్పుడు మిగిలేది ఇంటర్‌కామే. వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్తే రిసీవరు బల్ల మీద మోగుతూ ఉంటుంది.

హైదరాబాదులోనో విశాఖలోనో ఆఫీసు భవనాల బాధ్యత చూసే ఫెసిలిటీ మేనేజర్లకు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. సెక్యూరిటీకి ముందుగా చెప్పకుండా ఆదివారం తెల్లవారుజామున మూడింటికి లిఫ్టు ఎక్కి ఆ పసుపు బటన్ నొక్కడం. ఎన్ని సెకన్లకు ఎత్తారు, ఏ భాషలో పలికారు, ఇది ఏ భవనమో వాళ్లకు చెప్పకుండానే తెలిసిందా అని చూసుకోవడం. రాత్రి షిఫ్టులో ఊడ్చే ఆయమ్మకు తెలుగు తప్ప రాకపోతే, ఇంగ్లీషులో పలికే కాల్ సెంటరు ఆమెకు ఉన్నా లేనట్టే. తర్వాత ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, కాగితం తీయాలి. గ్రీజు ఎన్నాళ్లకోసారి, తాళ్ల పరీక్ష ఎప్పుడు అన్నవి అందులో ఉంటాయి. అలారం బ్యాటరీ మార్చే తేదీ, సిమ్ ఎవరి పేరున ఉంది, దాని రీఛార్జ్ ఎవరు చేయాలి అన్న మూడు గడులు లేకపోతే వచ్చే ఏడాది సంతకానికి ముందే అడిగి రాయించుకోవాలి.